పాలు మాన్పించిన దూడలకు చలికాలం మేత: తక్కువ ఖర్చుతో, తక్కువ శ్రమతో మేపే విధానం

కార్తీకం దాటి వరి కోతలు ముగిసేసరికి మా తెనాలి, దుగ్గిరాల ప్రాంతపు పాడి రైతులు ఏటా ఒకే ప్రశ్న అడుగుతుంటారు: వామి నిండా గడ్డి ఉంది, దూడ కడుపు నిండా తింటోంది, అయినా ఎందుకు ఎదగడం లేదు? మన ప్రాంతంలో చలికాలంలో దూడకు కొరత పడేది మేత కాదు, ఆ మేతలోని మాంసకృత్తులు. వరిగడ్డిలో మాంసకృత్తులు 3 నుంచి 4 శాతానికి మించవు. పాలు మానిన దూడకు ఆ గడ్డి కడుపు నింపుతుంది తప్ప ఎముకనూ కండనూ పెంచదు. ఈ లోటును దాణా బస్తాలతో పూడ్చబోతే ఖర్చు భరించలేము, రోజూ పచ్చిమేత కోసి తేవాలంటే కూలీలు దొరకరు. అందువల్ల అసలు పనిని కార్తీక, మార్గశిర మాసాల్లోనే పూర్తిచేసి, ఆ తరువాత రోజుకు అరగంటకు మించని శ్రమతో మూడు నాలుగు నెలలు గడిపే విధానాన్ని ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

ఇందులోని లెక్కలు నాలుగు నుంచి పది నెలల వయసున్న నాలుగు గేదె దూడలకు, 120 రోజులకు వేసినవి. దూడల సంఖ్యను బట్టి హెచ్చించుకోవచ్చు.

1. దూడలను వేరు చేయడం, కొలవడం

పెద్ద గేదెల పక్కన కట్టిన దూడకు ఎంత వేసినా దాని వాటా దానికి దక్కదు. మొదట దూడలను రెండు జట్లుగా విడదీయాలి. ఆరు నెలలు నిండనివి ఒక జట్టు, నిండినవి మరొక జట్టు. ముందు ముందు వివరించే యూరియా గడ్డి మొదటి జట్టుకు పనికిరాదు కాబట్టి ఈ విభజన తప్పనిసరి.

పలుపుతో కట్టకుండా, వెదురు గడలతోనో పాత ఇనుప గొట్టాలతోనో చిన్న ఆవరణ కట్టి దూడలను అందులో విడిచిపెడితే కట్టడం, విప్పడం, పదేపదే పేడ తీయడం వంటి పనులు సగానికి తగ్గుతాయి. మన వద్ద జనవరిలో కూడా రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు అటూ ఇటూగానే ఉంటుంది కాబట్టి గోడలున్న పాక అవసరం లేదు. పైన మంచు పడకుండా కప్పు, కింద తడి లేని నేల ఉంటే చాలు. దూడను కుంగదీసేది చలికంటే తడి నేలే.

తరువాత దూడ బరువు తెలుసుకోవాలి. ముందుకాళ్ళ వెనుకగా ఛాతీ చుట్టుకొలతను, భుజం మొన నుంచి పిర్ర ఎముక చివరి వరకు పొడవును అంగుళాల్లో కొలవాలి. చుట్టుకొలతను చుట్టుకొలతతో గుణించి, వచ్చిన దానిని పొడవుతో గుణించి, 660తో భాగిస్తే బరువు కిలోల్లో వస్తుంది. ఉదాహరణకు చుట్టుకొలత 42, పొడవు 36 అంగుళాలైతే బరువు సుమారు 96 కిలోలు. దర్జీ వాడే టేపు ఇందుకు సరిపోతుంది.

చలికాలం మేత మొదలుపెట్టే ముందే చూసుకోవలసినవి:

- పేడ పరీక్ష చేయించి, పశువైద్యుడు చెప్పిన మోతాదులో నట్టల మందు తాగించారా? కాలువల వెంట, మాగాణి గట్ల మీద మేసిన దూడలకు ఏలిక పాములతో పాటు కార్జపు జలగల (కాలేయంలో చేరే నట్టల) బెడద కూడా ఉంటుంది. రెంటికీ ఒకే మందు పనిచేయకపోవచ్చు, అందుకే పరీక్ష ముందు, మందు తరువాత.
- చెవుల వెనుక, మెడ కింద, తోక మొదట్లో పేలు ఉన్నాయేమో వెంట్రుకలు విడదీసి చూశారా? చలికాలంలో గేదె దూడలకు పేలు బాగా పడతాయి.
- టీకాలు వేయించారా?

నట్టలున్న దూడకు మంచి మేత పెట్టడమంటే నట్టలను మేపడమే. ఈ పని దాటవేసి మిగతావన్నీ చేసినా ఫలితం కనిపించదు.

2. ఎంత మేత కావాలో ముందే లెక్క వేయడం

దూడ తన బరువులో 2.5 నుంచి 3 శాతం వరకు ఎండు పదార్థం (మేతలోని నీరు పోగా మిగిలేది) తింటుంది. 100 కిలోల దూడకు రోజుకు ఇలా అమర్చితే సరిపోతుంది:

- వరిగడ్డి: కిలోంపావు నుంచి కిలోన్నర
- ఎండబెట్టిన పప్పుజాతి మేత: ముప్పావు కిలో, లేదా అదే పచ్చిదైతే 4 కిలోలు
- దాణా: 1 కిలో
- ఖనిజ లవణ మిశ్రమం: 20 నుంచి 30 గ్రాములు (దాణాలో కలిసి ఉంటే విడిగా అక్కరలేదు)

ఈ మేతతో ఆరోగ్యంగా ఉన్న దూడ రోజుకు 400 గ్రాములకు తక్కువ కాకుండా బరువు పెరగాలి. పెయ్యదూడ ఈ వయసులో వెనకబడితే, పడ్డ అయ్యాక ఎదకు రావడం ఆలస్యమవుతుంది. ఇప్పుడు మిగిల్చామనుకున్న డబ్బు అప్పుడు ఖాళీగా మేపిన నెలల్లో పోతుంది.

దూడలు పెరుగుతాయి కాబట్టి సగటున రోజుకు 2 కిలోల గడ్డి చొప్పున నాలుగు దూడలకు 120 రోజులకు 960 కిలోలు అవుతుంది. వృథాను కలుపుకొని 1,100 కిలోలు నిల్వ ఉంచుకోవాలి. ఎండు పప్పుజాతి మేత 350 నుంచి 400 కిలోలు, దాణా 480 కిలోలు కావాలి. ఈ మూడు అంకెలను కొట్టం గుంజకు రాసి పెట్టుకుంటే కొనుగోలు సమయంలో తడుముకోనక్కరలేదు.

3. గడ్డిని ఆరబెట్టి వామి వేయడం

ఈ భాగాన్ని నేను కొంత విస్తరించే రాస్తాను, ఎందుకంటే ఇక్కడ పొరపాటు చేసి ఒక దూడను బాధపెట్టినవాడిని నేను. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల వద్ద తీరం దాటినప్పుడు మా చేలో కోసిన వరి పనల మీదే ఉంది. నాలుగు రోజులు ఎండ కాయగానే పైన గలగలలాడుతోందని గడ్డిని వామి వేశాను. సంక్రాంతి తరువాత ఒక దూడ తోక కొస నల్లబడి, ఎండుపుల్లలా గట్టిపడి, గోటితో తాకితే చల్లగా తగిలింది. చెవుల అంచులు కూడా నల్లబడుతున్నాయి. వామిలో మోచేతి లోతుకు చెయ్యి పెట్టి లాగితే గడ్డి వెచ్చగా, బూడిదరంగు దుమ్ముతో వచ్చింది. బూజు పట్టిన వరిగడ్డిలోని శిలీంధ్ర విషాల వల్ల రక్తప్రసరణ తగ్గి తోక, చెవులు, గిట్టలు ఇలా కుళ్ళుతాయని, వరి పండే ప్రాంతాల గేదెల్లో చలికాలంలోనే ఇది ఎక్కువగా కనిపిస్తుందని పశువైద్యుడు చెప్పారు. గడ్డి మాన్పించి చికిత్స చేయించాక దూడ కోలుకుంది, తోక కొస మాత్రం ఊడిపోయింది.

అందువల్ల వామి వేసే ముందు మూడు పరీక్షలు చేయాలి. గుప్పెడు గడ్డిని మెలితిప్పితే కణుపుల వద్ద తడి ఊరకూడదు. వంచితే కాడ పుటుక్కున విరగాలి. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాగిన వాసన గాని మట్టివాసన గాని రాకూడదు.

కోత యంత్రంతో కోయించినవారు గడ్డిని కట్టలు కట్టే యంత్రంతో చుట్టించుకోవడం మేలు. కట్టకు కొంత ఖర్చయినా, మోపులు కట్టి మోసే కూలీలతో పోలిస్తే శ్రమ చాలా తగ్గుతుంది, రోజూ కొలిచి వేయడమూ తేలిక. కాని యంత్రం గడ్డిని బిగించి చుడుతుంది కాబట్టి ఏ మాత్రం తడి ఉన్నా అది లోపలే మగ్గిపోతుంది. చుట్టిన కట్టల్లో నాలుగైదింటిని వారం తరువాత విప్పి, నడిమధ్యలో చెయ్యి పెట్టి చూడాలి.

- నేల మీద నేరుగా వేయకుండా తాటి దూలాలు, వెదురు లేదా ఇటుకల మీద జానెడు ఎత్తులో వేయాలి.
- కట్టల వరుసల మధ్య గాలి ఆడే సందు వదలాలి.
- బరకం పైకప్పుగా మాత్రమే వేయాలి. నాలుగు వైపులా కప్పేస్తే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది.
- తుఫాను హెచ్చరిక ఉన్నప్పుడు మాత్రం అన్ని వైపులా కప్పి, గాలివాన వెలిసిన మర్నాడే తీసేయాలి.

4. పప్పుజాతి మేత సమకూర్చుకోవడం

ఖర్చును నిజంగా తగ్గించేది ఈ అంశమే. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, పొలంలో పదును ఉండగా, అర ఎకరంలో పిల్లిపెసర గాని జనుము గాని చల్లితే దున్నకం, తడి లేకుండానే మేత వస్తుంది. కోత యంత్రం చక్రాల కింద కొంత విత్తనం నలిగిపోతుంది కాబట్టి కాస్త ఒత్తుగా చల్లాలి. జనుమును పూత దశలోనే కోయాలి, ఎందుకంటే కాయ పట్టాక కాడ నారగా మారుతుంది, గింజలు పశువుకు మంచివి కావు.

ఈ పైరు చేతికి వచ్చేది జనవరి ఆఖరుకు. అంతవరకు, అంటే దూడకు అత్యంత కీలకమైన మొదటి రెండు నెలలకు, వేరే ఏర్పాటు ఉండాలి. దీన్ని చాలామంది మరచిపోతారు. ఆ లోటుకు పనికివచ్చేవి:

- ఫిబ్రవరి, మార్చి నెలల్లో మినుము, పెసర నూర్చగా మిగిలిన కట్టె, పొట్టు. గట్టు మీద తగలబెట్టకుండా గోనె సంచుల్లో దాచుకుంటే తరువాతి చలికాలానికి సిద్ధంగా ఉంటుంది.
- బాపట్ల, చీరాల వైపు ఇసుక నేలల నుంచి వచ్చే వేరుశనగ కట్టె. కొనేటప్పుడు కింద బూజు, మట్టి ఉన్నాయేమో విప్పి చూడాలి.
- నందిగామ, జగ్గయ్యపేట వైపు కాగితపు మిల్లుల కోసం నరికే సుబాబుల్ తోటల్లో మిగిలిపోయే ఆకు. తోట యజమానిని అడిగి రెమ్మలను బరకం మీద రెండు రోజులు నీడలో ఆరబెట్టి దులిపితే ఆకు రాలిపోతుంది. దానిని సంచుల్లో నింపుకోవచ్చు. అందులో మైమోసిన్ అనే హానికర పదార్థం ఉంటుంది కాబట్టి మొత్తం మేతలో నాలుగో వంతు మించనివ్వకూడదు. వెంట్రుకలు రాలుతుంటే వెంటనే ఆపాలి.
- ఇంటి చుట్టూ ఉన్న అవిశ చెట్లు.

పిల్లిపెసరను రోజూ కోసుకురావడం కంటే, పూత మొదలవగానే ఒకేసారి కోయించి, చేలోనే పలుచగా పరచి మూడు నాలుగు రోజులు ఆరబెట్టి నిల్వ చేయడం తక్కువ పని. మధ్యాహ్నం ఎండలో తిరగవేస్తే ఆకు రాలిపోతుంది, కాడ మాత్రమే మిగులుతుంది. మంచు తడి ఆరీ ఆరనట్టున్న వేళ, ఉదయం తొమ్మిది గంటల ప్రాంతంలో తిరగవేయాలి. దూడకు మేలు చేసేది ఆకే.

పూర్తిగా ఎండుగడ్డి మీదే పెరిగే దూడకు విటమిన్ ఏ లోపిస్తుంది. చీకటి పడ్డాక గుంజలకు తగులుకుంటూ నడుస్తుంటే అది మొదటి గుర్తు. కాబట్టి ఎండుమేత ఎంత ఉన్నా, దూడకు రోజుకు ఒక కిలో పచ్చి ఆకైనా అందేలా చూడాలి.

నీటి మడిలో పెంచే నాచు వంటి మొక్క అజొల్లా గురించి తరచుగా అడుగుతారు. అది మంచి మేతే, కాని రోజూ తీయాలి, కడగాలి, మడిని కాపాడుకోవాలి. ఇంట్లో చేసే మనిషి లేనివారు దాని జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

5. వరిగడ్డిని యూరియాతో సుపోషకం చేయడం

ఇది ఆరు నెలలు నిండిన దూడలకు మాత్రమే. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 60 లీటర్ల నీరు కావాలి. ఒక్కసారిగా 500 కిలోలు చేసుకుంటే 20 కిలోల యూరియా, 300 లీటర్ల నీరు పడతాయి, ఇద్దరు మనుషులకు ఒక పూట పని. దీనివల్ల గడ్డిలో మాంసకృత్తుల శాతం దాదాపు రెట్టింపవుతుంది, గడ్డి మెత్తబడి అరుగుదల కూడా పెరుగుతుంది.

- గట్టి నేల మీద బరకం పరచాలి.
- గడ్డిని 100 కిలోల పొరలుగా తూచి వేయాలి. అంచనాతో వేయకూడదు.
- ప్రతి పొరకూ 60 లీటర్ల నీటిలో 4 కిలోల యూరియాను పూర్తిగా కరిగించి, మొక్కలకు నీళ్ళు చల్లే డబ్బాతో సమంగా చల్లాలి.
- కాళ్ళతో తొక్కి గాలి పోగొట్టి తరువాతి పొర వేయాలి.
- చివరకు మరో బరకం కప్పి, అంచులను మట్టితో మెత్తాలి.
- చలికాలంలో 21 రోజులు కదపకూడదు.

తెరిచినప్పుడు గడ్డి లేత గోధుమరంగులో ఉండి, కళ్ళు మండేంత ఘాటు వాసన వస్తే సరిగా కుదిరినట్లు. ఘాటు లేక మురుగు వాసన వస్తే గాలి చొరబడిందని అర్థం, ఆ భాగం పారేయాలి. ఒక పక్క నుంచి మాత్రమే తీస్తూ, మర్నాటికి కావలసిన గడ్డిని ముందు సాయంత్రమే తీసి పలుచగా పరచి ఉంచితే ఘాటు పోతుంది.

యూరియా నీటిని దూడ తాగితే ప్రాణానికే ముప్పు. కలిపిన బకెట్లను అక్కడే కడిగి బోర్లించాలి, ఆ పని పూర్తయ్యేవరకు దూడలను ఆవరణ దాటి రానీయకూడదు. యూరియాను దాణాలో గాని కుడితిలో గాని కలపడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయరాదు.

6. దాణా కలపడం

చౌకగా కనిపించే వస్తువు చౌక కాకపోవచ్చు. కిలో ధరను అందులోని మాంసకృత్తుల శాతంతో భాగించి, 100తో హెచ్చిస్తే కిలో మాంసకృత్తులు ఎంతకు పడుతున్నాయో తెలుస్తుంది. లెక్క కోసం, 40 శాతం ఉన్న వేరుశనగ చెక్క కిలో 40 రూపాయలనుకుంటే కిలో మాంసకృత్తులు 100 రూపాయలకు వస్తాయి. 12 శాతం ఉన్న తవుడు కిలో 24 రూపాయలనుకుంటే అవే మాంసకృత్తులు 200 రూపాయలకు పడతాయి. మీ ఊరి ధరలు వేసి ఈ లెక్క కట్టిన తరువాతే బస్తా ఎత్తించండి.

100 కిలోల దాణాకు:

- మొక్కజొన్న రవ్వ 30 కిలోలు
- వేరుశనగ చెక్క 20 కిలోలు
- పత్తి గింజల చెక్క 10 కిలోలు
- మినప లేదా కంది పొట్టు 17 కిలోలు
- తవుడు 20 కిలోలు
- ఖనిజ లవణ మిశ్రమం 2 కిలోలు
- ఉప్పు 1 కిలో

తెనాలి వంటి చోట్ల పప్పు మిల్లుల వద్ద పొట్టు నేరుగా దొరుకుతుంది. నాలుగైదు ఇళ్ళవారు కలిసి ఒక బండికి తెప్పించుకుంటే రవాణా ఖర్చు కలిసివస్తుంది. నాలుగైదు నెలల లేత దూడలకు పత్తి చెక్క మానేసి, ఆ మేరకు వేరుశనగ చెక్క వేయడం క్షేమం. వేరుశనగ చెక్కను విరిచి చూడాలి, లోపల పచ్చని గాని నల్లని గాని బూజు చారలు కనిపిస్తే తీసుకోకూడదు. తవుడు త్వరగా ముక్కిపోతుంది కాబట్టి ఒకసారి ఒక నెలకు సరిపడా, అంటే నాలుగు దూడలకు 120 కిలోలు మాత్రమే కలపాలి.

వరిగడ్డిలోని ఆక్సలేట్లు అనే పదార్థాలు కాల్షియాన్ని ఒంటబట్టనీయవు. అందుకే ఖనిజ లవణ మిశ్రమాన్ని ఖర్చు తగ్గించే పేరుతో మానేయకూడదు.

7. కొత్త మేతకు అలవాటు చేయడం

పాలు మాన్పించిన వారంలో మేత మార్చకూడదు. దూడ రోజుకు ముప్పావు కిలో దాణా తానుగా తినడం అలవాటయ్యాకే పాలు మాన్పించాలి. ఆ తరువాత కొత్త మేతను మొదటి నాలుగు రోజులు పావు వంతు, తరువాతి నాలుగు రోజులు సగం, ఆపై ముప్పావు వంతు చొప్పున పెంచుతూ రెండు వారాల్లో పూర్తిగా మార్చాలి. యూరియా గడ్డి విషయంలో ఈ క్రమం మరీ ముఖ్యం.

8. రోజువారీ పని

ఉదయం ఏడు గంటలకు మంచు వీడుతుండగా ముందుగా ఎండుగడ్డి వేయాలి. బోరు నీళ్ళు వేకువన వెచ్చగా ఉంటాయి కాబట్టి తొట్టిని అప్పుడే నింపాలి. తేలుడు బంతి ఉన్న కుళాయి బిగిస్తే ఈ పని కూడా ఉండదు. గడ్డి కొంత తిన్నాక దాణాలో సగం, సాయంత్రం పప్పుజాతి మేతతో పాటు మిగతా సగం వేయాలి. రాత్రికి కావలసిన గడ్డిని నేల మీద కాక, వెదురుతో చేసిన నిచ్చెన వంటి గాడిలో నింపితే తొక్కుడు వృథా తగ్గుతుంది, మళ్ళీ మళ్ళీ వేయనక్కరలేదు.

దాణా వేసేటప్పుడు రెండు నిమిషాలు నిలబడి చూడాలి. తొట్టికి ఆలస్యంగా వచ్చే దూడే మొదట జబ్బుపడే దూడ.

9. తరచుగా జరిగే తప్పులు, దిద్దుబాట్లు

కుడితితో కడుపు నింపడం: కుడితి ఎక్కువైతే దూడ గడ్డి, దాణా తగ్గించేస్తుంది. దాణాను పొడిగానో, కొద్దిగా తడిపో పెట్టాలి.

కుండ పొట్ట, ఎర్రబారిన వెంట్రుకలు: బాగా తింటోందని మురిసిపోయే రూపం ఇదే. నిజానికి ఇవి మాంసకృత్తుల లోటుకో, నట్టలకో గుర్తులు. పేడ పరీక్ష మళ్ళీ చేయించి, పప్పుజాతి మేత పెంచాలి.

మంచుతో తడిసిన పచ్చి పిల్లిపెసరను పరగడుపున వేయడం: ఎడమ డొక్క ఉబ్బి, తట్టితే డప్పులా మోగుతుంది. దూడను నిలబెట్టి నడిపిస్తూ వెంటనే పశువైద్యుడిని పిలవాలి. సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోన్ చేయవచ్చు. నూనె పట్టమని వైద్యుడు చెబితే, తల పైకెత్తి గొట్టంతో పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

సంక్రాంతికి, పెళ్ళిళ్ళకు మిగిలిన అన్నం, గారెల పిండి పెట్టడం: పులిసిన పిండిపదార్థం ఒక్కసారిగా పడితే కడుపు పుల్లబడి, దూడ నీరసించి పడిపోతుంది. ఇంట్లో పిల్లలకూ పెద్దలకూ ముందే చెప్పి ఉంచాలి.

మిరప, పత్తి చేలలోని కలుపు, ఆకు వేయడం: గుంటూరు ప్రాంతంలో ఆ పైర్ల మీద పురుగుమందులు పదేపదే పడతాయి. ఆ చేల గట్ల గడ్డి కూడా దూడకు వేయకూడదు.

లేత జొన్న, కార్శి జొన్న (కోసిన మోళ్ళ నుంచి మళ్ళీ చిగురించినది) మేపడం: నీటి ఎద్దడికి వాడిన లేత జొన్నలో విషం ఉంటుంది. పూత దశ దాటాకే కోయాలి.

10. పదిహేను రోజులకొకసారి తనిఖీ

- ఛాతీ చుట్టుకొలతను అదే టేపుతో, అదే మనిషి, ఉదయం మేతకు ముందు కొలిచి రాశారా?
- నెలకు 12 కిలోల కంటే తక్కువ పెరిగిన దూడను విడిగా మేపుతున్నారా?
- వామి మధ్యలో చెయ్యి పెట్టి చూశారా?
- తోక కొస, చెవుల అంచులు, గిట్టల పైభాగం తడిమి చూశారా?
- మిగిలిన గడ్డి, ఎండుమేత, దాణా నిల్వలను మిగిలిన రోజులతో సరిచూశారా?

నిల్వ తగ్గుతోందని ఫిబ్రవరి మొదట్లోనే తెలిస్తే, పప్పుజాతి మేతను పొదుపు చేయకుండా గడ్డిలో కొంత తగ్గించి, ఉయ్యూరు వైపు చెరకు నరికే చేల నుంచి మొవ్వ ఆకు తెచ్చి కలపవచ్చు. అందులో మాంసకృత్తులు తక్కువ కాబట్టి దాణా మోతాదు మాత్రం తగ్గించకూడదు. మొవ్వ ఆకును తెచ్చిన రోజే ముక్కలు చేసి వేయాలి, కుప్పగా పోసి మర్నాటికి ఉంచితే వేడెక్కి పులుస్తుంది.